మంత్రగత్తె పక్కన కుర్చీ

ఆ ఉదయం అల్ హైల్‌లోని రూమ్‌లో జితేందర్ తన కెమెరాను పసిబిడ్డకు స్నానం చేయించినంత జాగ్రత్తగా తుడిచాడు. మెట్‌పల్లిలో ఎన్నో పెళ్లిళ్లకు ఫోటోలు తీసిన చెయ్యి అది. మస్కట్ వచ్చాక బిల్డింగ్ సైట్‌లో షట్టరింగ్ చెక్కలు మోస్తోంది. ఆ సాయంత్రం కంపెనీ విల్లాల కాలనీలో హాలోవీన్. దెయ్యాల వేషాలు వేసుకుని జనం వీధంతా తిరుగుతారట.

"వీధి సందడంతా కనపడాలయ్యా. ఫోటోలు నచ్చాయంటే రేపట్నుంచి ఆఫీసులో కెమెరా డ్యూటీ. లేదంటే మళ్లీ చెక్కలే" అన్నాడు మేనేజర్ రఘుపతి.

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి సార్. ఒక్క మొఖం గూడ పోనియ్య."

సాయంత్రానికి ఆ ధీమా జారిపోయింది. దెయ్యాలు ఒక్కచోట నిలబడవు. ఫోకస్ చేసేలోపు రక్తపిశాచి ఐస్‌క్రీమ్ కోసం పరిగెత్తేది. తీసినవన్నీ వీపులే. రేపటి చెక్కలు కళ్లముందు కదిలి జితేందర్ నిజంగానే భయపడ్డాడు. ఆ భయంలో చెయ్యి తనకు తెలిసిన పెళ్లిఫోటోల పనే చేసింది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వీధి మధ్యలో వేసి, ఒకదాంట్లో ఓ మంత్రగత్తెను, పక్కదాంట్లో ఓ అస్థిపంజరాన్ని కూర్చోబెట్టాడు.

"మేడమ్, జర దగ్గరికి జరుగుండ్రి. సార్, నవ్వుండ్రి... వద్దు తియ్యండ్రి, పండ్లు ఎట్లాగూ కనబడుతున్నయ్. ఆఁ, చుట్టాలు ఒక్కొక్కరే రాండ్రి!"

చుట్టాలు వచ్చారు. ఫోటో దిగి, వెళ్తూ వెళ్తూ మంత్రగత్తె చేతిలో తమకు ఇళ్లల్లో ఇచ్చిన చాక్లెట్ ఒకటి పెట్టసాగారు. లైను పెరిగింది. లైను ఎందుకో తెలియనివాళ్లు కూడా లైనుందని చేరారు. వీధి చివరి విల్లాలో జిప్సం సీలింగ్ పని ముగించుకుని జితేందర్ రూమ్మేటు దేవయ్య అటే వచ్చాడు. నెత్తి నుంచి బూట్ల దాకా తెల్లటి పొడి.

"బిర్యానీ ఇస్తున్నరా తమ్మీ?" అని ముందున్న రక్తపిశాచిని అడిగాడు. తెలుగు రాని రక్తపిశాచి మర్యాదకు తలూపాడు. దేవయ్య నిలబడ్డాడు.

వంతు వచ్చేసరికి ఎదురుగా రెండు కుర్చీలు, జంట, చదివింపులు, కెమెరాతో జితేందర్. ఇక దేవయ్యకు అనుమానం లేదు. పెళ్లికి ఉత్తచేతులతో వచ్చానని సిగ్గుపడి, ఇద్దరి తలల మీదా చేతులు పెట్టాడు. తెల్లపొడి అక్షింతల్లా రాలింది.

"పిల్లాపాపలతోటి సల్లగుండుండ్రి."

సరిగ్గా అప్పుడే గుమ్మడికాయ తల తగిలించుకుని రఘుపతి వచ్చాడు. మంత్రగత్తె అతని భార్య వాణి.

"ఒరేయ్! ఫోటోలు తియ్యమంటే నా పెళ్లానికి ఇంకో పెళ్లి చేస్తావా? ఎవడు వాడు?" గుమ్మడికాయ ఊగిపోయింది. "రేపు తెల్లారేసరికి సైట్‌లో ఉండు!"

జితేందర్‌కు కళ్లనీళ్లు తిరిగాయి. అస్థిపంజరం నింపాదిగా ముసుగు తీసింది.

"వాడు కాదు అల్లుడుగారూ, నేను" అంది విజిట్ వీసా మీద వచ్చిన వాణి తల్లి. "ఈ మోకాళ్లతో ఎంతసేపని నిలబడను? ఈ అబ్బాయి పుణ్యమా అని కూర్చున్నాను. మంచి వేషం చూసి బహుమతి ఇవ్వమని నాకు అప్పజెప్పింది మీరే కదా. వీధిలో గంతులేసేవాళ్లని ఎలా చూడనూ? ఇతనే ఒక్కొక్కరినీ నా దగ్గరికి పంపాడు."

రఘుపతి కెమెరా లాక్కుని చూశాడు. కిందటేడు ఇంకెవరో తీసిన ఫోటోల నిండా వీపులే. ఇప్పుడు కాలనీలోని ప్రతి దెయ్యమూ ముఖం ఎదురుగా పెట్టి నవ్వుతోంది, వెనక దీపాల కింద వీధంతా సాగిన లైను. ఫోటో మాకు కావాలంటే మాకు కావాలని జనం చుట్టూ మూగారు. గుమ్మడికాయ తల ఊడి మెల్లగా చంకలోకి చేరింది.

"రేపు ఆఫీసుకే రా" అన్నాడు రఘుపతి. "ఆ కుర్చీలు కూడా తెచ్చుకో."

మొదటి బహుమతి, రైస్ కుక్కర్, దేవయ్యకు వచ్చింది. "చచ్చి లేచొచ్చినట్టే ఉన్నాడు, ఎంత సహజంగా పూసుకున్నాడో!" అని రఘుపతి అత్తగారు మెచ్చుకుంది. బిర్యానీ లేకపోయినా వండుకునే గిన్నె దొరికిందని దేవయ్య పొంగిపోయి, కుక్కర్‌తో దిగిన ఫోటోను వేషానికి వచ్చిన బహుమతని రాసి వెంటనే ఊళ్లో ఉన్న భార్య రాములవ్వకు పంపాడు. ఆమె పెద్దది చేసి చూసి ఫోన్ చేసింది.

"కుక్కర్ మంచిగుంది గని, ఏషమేది? రోజు వీడియో కాల్ల గిట్లనే ఉంటవ్ గద!"