వరస కలవని బాధ

మహమ్మారి కాలంలో కుంగిపోయే హక్కు ఏ ఉద్యోగికీ లేదని తూనికల కార్యాలయం ఏకగ్రీవంగా తీర్మానించింది. (సభ్యులంతా ఎవరిళ్ళల్లో వాళ్ళు కెమెరాలు ఆపుకుని కూర్చున్నారు కాబట్టి ఏకగ్రీవానికి ఏ ఇబ్బందీ రాలేదు.)

ఆ ప్రకారం ప్రతి ఉద్యోగీ పొద్దున పదింటిలోగా ఫోన్‌లో ఒక బొమ్మ నొక్కాలి. నవ్వు మొహం, మామూలు మొహం, ఏడుపు మొహం. ఏదీ నొక్కనివాళ్ళు సంతోషంగా ఉన్నట్టు లెక్క. సుఖంగా ఉన్నవాడికి ఫోన్ ముట్టుకునే తీరిక ఎక్కడుంటుందని మనోధైర్యాధికారి వాదన. ఈ పద్ధతి పుణ్యమా అని రెండు నెలలు తిరక్కుండానే కార్యాలయం నూటికి నూరు పాళ్ళూ ఆనందంలో మునిగిపోయింది.

ఆ ఆనందాన్ని చెడగొట్టినవాడు గుమాస్తా. దుకాణాల తూకపురాళ్ళ వివరాలు రిజిస్టర్లో ఎక్కించడం ఆయన పని. ఆ రాళ్ళని సరిచూసి ముద్ర కొట్టే మనిషిది పక్క బల్ల. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా పంతొమ్మిదేళ్ళుగా "బావా" అంటే "బావా" అనుకున్నారు. మహమ్మారి సోకిన ముద్రలాయన ఆసుపత్రికి నడిచే వెళ్ళాడు. "నాలుగు రోజుల్లో వచ్చేస్తా బావా, నా సుత్తి ఎవరికీ ఇవ్వకు" అని ఫోన్‌లో చెప్పాడు. తొమ్మిదో రోజున పోయాడు. సాగనంపడానికి అయిదుగురికే అనుమతి. గుమాస్తా ఆరోవాడు. కడసారి చూపు కూడా దక్కలేదన్న బాధ ఆయన్ని నమిలేస్తోంది. కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు కెలికి లేచిపోతున్నాడు.

"ఇలా లోపల్లోపలే పెట్టుకుంటే మనిషి ఏమైపోతాడండీ? ఎవరితోనైనా చెప్పుకోండి" అని భార్య పోరు పెట్టింది.

మర్నాడు ఆయన ఏడుపు మొహం నొక్కాడు. ఆ బొమ్మ పనిచేస్తుందని కార్యాలయానికి తెలిసింది ఆ రోజే.

పావుగంటలో మనోధైర్యాధికారి ఫోన్ చేశాడు. "ఏంటండీ ఇది? వేలు జారిందా?"

"లేదు సార్, కావాలనే నొక్కాను. మా బావ పోయాడు."

"అయ్యయ్యో! అలా చెప్పండి మరి. బావగారికి మూడు రోజుల బాధ మంజూరు చెయ్యొచ్చు, దానికేం. అక్కగారి భర్తా, చెల్లెలుగారి భర్తా?"

"నాకు తోడబుట్టినవాళ్ళు లేరు సార్."

"మీ ఆవిడకి అన్నగారా? పోనీ, మేనత్త కొడుకా?"

"కాదు సార్. మన ముద్రలాయన."

"ఆయనా! పాపం, మంచి మనిషండీ. కానీ పిలుపు వరసలకి బాధ లేదు. పుట్టుక వరసో, పెళ్ళి వరసో ఉండాలి. ఇలా ఒప్పుకుంటూ పోతే రేపు ఆఫీసు నిండా బాబాయిలూ పిన్నులే!"

"ఎవరైనా కాస్త మాట్లాడేవాళ్ళుంటే చాలు సార్. తిండి సయించట్లేదు, నిద్ర పట్టట్లేదు."

"డాక్టరమ్మ ఉన్నారుగా, మాట్లాడటానికే పెట్టాం. అయితే ఆవిడ దగ్గరికి పంపాలంటే ముందు మీ బాధ మంజూరవ్వాలి. (ఆవిడ మూడు నెలలుగా ఖాళీగానే ఉన్నారు. అది మన విజయం అనుకోండి.) అయినా మీ ఒక్కరి మూలంగా శాతం ఎంత పడిపోయిందో చూశారా? ఆ ముద్రలాయన్ని చూసి నేర్చుకోండి. పట్టిక నా ముందే ఉంది. ఒక్కరోజన్నా ఏడుపు మొహం నొక్కాడా?"

"ఆయన పోయి ఇరవై రోజులైంది సార్!"

"పోయాక కూడా నొక్కలేదు కదండీ" అన్నాడు అధికారి, మెచ్చుకోలుగా.

ఆ తర్వాత గుమాస్తా ఏ బొమ్మా నొక్కలేదు. పొద్దున లేవడం కూడా మానేశాడు. గోడవైపు తిరిగి పడుకుంటే, భార్య పెట్టిన కాఫీ పెట్టినచోటే చల్లారిపోయేది. ఆవిడ తలుపు చాటుకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని మళ్ళీ వచ్చేది.

నెలాఖరున కార్యాలయం నుంచి అభినందన పత్రం వచ్చింది. మంచం పక్కన కూర్చుని భార్యే చదివింది. ఆయన కోలుకున్న తీరు ఆదర్శప్రాయమట. మనోధైర్యంలో రెండో స్థానం ఇచ్చారట.

"మొదటిది ఎవరికిచ్చారు?" అన్నాడాయన, గోడవైపే చూస్తూ.

ఆవిడ ఆ పేరు మళ్ళీ ఒకసారి చదువుకుంది. "ముద్రల అన్నయ్యగారికండీ."

వచ్చే నెలలోగా మీరూ ఆ స్థానానికి చేరుకోవాలని, అందుకు కావలసిన ప్రోత్సాహం కార్యాలయం అందిస్తుందని అధికారి కింద స్వహస్తాలతో రాశాడు.