వంటింటి తలుపు రాయి

ఆ ఆదివారం ఎవులాలియా ఇంట్లో గొడవ ఒక కాలి బొటనవేలి దగ్గర మొదలైంది. వేలు ఆమె భర్త ఫిలిబెర్తోది. కాఫీ కప్పు పట్టుకుని వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళబోతూ, తలుపుకు అడ్డంగా పెట్టిన రాయిని తన్నుకున్నాడు.

"ఈ రాయిని ఇక్కణ్ణుంచి తీస్తావా లేదా, లాలా?"

"తీస్తే తలుపు మూసుకుపోతుంది."

"కొక్కెం పెడదాం."

"పెడదాం, పెడదాం! మన పెద్దాడు పాకుతున్నప్పుడు అన్నావు ఈ మాట. వాడికిప్పుడు బట్టతల వస్తోంది."

"నేను కొక్కెం అన్నప్పుడల్లా నువ్వేమో కింద చూసి నడవమంటావు."

"ఇప్పుడూ అదే అంటున్నా."

న్యూ మెక్సికోలో పాత మట్టి ఇళ్ళన్నీ ఏదో ఒక పక్కకి కుంగుతాయి. వీళ్ళది వంటింటి వైపు కుంగింది. తలుపు తెరిచి వదిలేస్తే దానంతటదే వచ్చి ధడాలున మూసుకుంటుంది, లోపల గడియ పడిపోతుంది. వీధి తలుపుకేమో ఎప్పుడూ అడ్డగడియే. ఆ ఊళ్ళో వీధి తలుపు తట్టేవాళ్ళు సరుకులమ్మేవాళ్ళూ ఎన్నికలవాళ్ళూ మాత్రమే. అయినవాళ్ళంతా వంటింట్లోంచే వస్తారు. కాబట్టి ఆ ఇల్లు ఇల్లుగా నడుస్తోందంటే ఆ రాయి చలవే.

బల్ల దగ్గర టోర్టిల్లా రొట్టెలు ఒత్తుతున్న అత్తగారు క్లోతిల్దె తలెత్తకుండానే అంది. "ఆ రాయిని ఏమీ అనకండి. మీ నాన్న పెళ్ళైన కొత్తలో నాకోసం కొండెక్కి తెచ్చిన రాయి అది."

ఎవులాలియా చెయ్యి పొయ్యి మీది గరిటె దగ్గరే ఆగిపోయింది. "ఏ కొండ, అత్తయ్యా?"

"మనకున్నది ఎన్ని కొండలే? లోమా పింటాదా."

లోమా పింటాదా అంటే ఆ ఊరి అవతల ఉన్న చిన్న ప్రభుత్వ పార్కు. ఎడారిలో ఎర్రగా, పసుపుపచ్చగా, బూడిద రంగుగా చారలు తేలిన గుట్టలు, తలమీద బండలు మోస్తున్న మట్టి స్తంభాలు. పెద్ద పార్కులకి పోయే కార్లు దాని బోర్డు ముందునుంచి వేగం తగ్గించకుండా వెళ్ళిపోతాయి. ఆ గుట్టల్ని చిన్నప్పట్నుంచి పుట్టింటి వంటింటి కిటికీలోంచి చూస్తూ పెరిగిన ఎవులాలియాకి ఒకటే కోరిక, అక్కడికొచ్చిన నలుగురికి దారి చూపించి కబుర్లు చెప్పే వాలంటీరు గైడు అవ్వాలని. తరగతులకి వెళ్ళింది, పరీక్ష రాసింది. వేసవిలో కొత్తగా వచ్చిన రేంజరు నకాయ్, నవ్వని మనిషి, కాగితాలన్నీ రెండుసార్లు తిప్పి చూసి చివరికి బ్యాడ్జీ ఇచ్చాడు. ఇవాళ ఆమె మొదటి నడక. నడక మొదట్లో గైడు చెప్పాల్సిన మొదటి మాట: ఇక్కడి గులకరాయైనా సరే, ఎవరి జేబులోకీ పోకూడదు.

అంతకన్నా ఇబ్బంది ఇంకొకటుంది. నడక అయ్యాక రేంజర్ని భోజనానికి రమ్మని ఆమే పిలిచింది. ఆయన వంటింటి తలుపులోంచే వస్తాడు. చూపు కిందకే పడుతుంది.

అత్తగారు చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళగానే ఎవులాలియా రాయిని ఎత్తి చూసింది. ఎరుపు మీద పసుపు, మధ్యలో సన్నటి ఊదా చార. దొంగసొత్తు అని ముఖం మీద రాసినట్టే ఉంది. దాన్ని టోర్టిల్లాలు చుట్టే గుడ్డలో చుట్టి, చేతిబుట్టలో పెట్టుకుని, బ్యాడ్జీ తగిలించుకుని బయల్దేరింది. నడకలో ఎక్కడో ఒకచోట, ఎవరూ చూడకుండా, కొండ రాయిని కొండకే ఇచ్చేస్తే సరి అనుకుంది.

పార్కు దగ్గర పది మంది దాకా చేరారు. కారు దిగీ దిగగానే టోపీ తీసి నమస్కరించాడు ఆస్‌గుడ్ అనే పెద్దాయన. బస్సు నడిపి రిటైరైనవాడు.

"అమ్మా, ఆ బుట్ట ఇలా ఇవ్వండి. నేనుండగా ఆడవాళ్ళు బరువు మొయ్యడమేంటి?"

"వద్దండీ, తేలికే."

ఆయన వినకుండా అందుకోగానే భుజం ఒక పక్కకి వంగింది. ఆయన గుడ్డ దగ్గరికి ముక్కు తీసుకెళ్ళాడు. ఆ గుడ్డకి ఏళ్ళ తరబడి కాల్చిన పచ్చిమిరపకాయల వాసనా, వేడి టోర్టిల్లాల వాసనా పట్టి ఉంది.

"ఓహో!" అన్నాడు ఆస్‌గుడ్ గొంతు తగ్గించి. తర్వాత వెనక్కి తిరిగి అందరికీ వినిపించేలా చెప్పాడు. "భోజనం కూడా ఉందర్రా!"

అంతవరకూ సంచుల్లోంచి శాండ్‌విచ్‌లు బయటికి తీసినవాళ్ళంతా వాటిని మళ్ళీ కార్లలో పెట్టేశారు.

నడక మొదలైంది. జేబుల గురించి చెప్పాల్సిన మాట ఎవులాలియా చెప్పింది కానీ, బుట్టవైపు చూడకుండా చెప్పడానికి నానా తంటాలు పడింది. తర్వాత ఏ గుట్ట దగ్గర ఆగినా జనం గుట్టని ఒకసారి, బుట్టని రెండుసార్లు చూశారు. "ఈ బూడిద రంగు పొర అగ్నిపర్వతాల బూడిదండీ" అని ఆమె చెబుతుంటే, వెనకనుంచి ఎవరో "లోపల మాంసం ఉంటుందంటావా?" అని పక్కవాళ్ళని అడిగారు.

మట్టి స్తంభాల గుంపు దగ్గరికి రాగానే ఆమె ధైర్యం చేసింది. "కాసేపు కూర్చోండి. బుట్ట ఒకసారి ఇలా ఇస్తారా?"

"వడ్డిస్తున్నారు," అన్నాడు ఆస్‌గుడ్ మిగతావాళ్ళతో.

ఎవులాలియా ఒక లావుపాటి స్తంభం వెనక్కి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డ విప్పి, రాయిని రెండు చేతులతో పైకి తీసింది. సరిగ్గా అప్పుడే స్తంభానికి అవతలి పక్కనుంచి వెర్నా వచ్చింది. మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకుని పొద్దుట్నుంచి పిట్టల్ని వెతుకుతున్న ముసలావిడ. ఆవిడకి పిట్ట కనబడలేదు. చేతిలో రాయి, పక్కన తెరిచిన బుట్ట, మధ్యలో బ్యాడ్జీ పెట్టుకున్న గైడు కనబడ్డారు.

"అమ్మాయ్!" అంది వెర్నా. "జేబుల్లో వేసుకోకూడదంటే, బుట్టలో వేసుకోవచ్చనా?"

ఆ గొంతుకి అందరూ వచ్చారు. అందరి వెనకా, కొత్త గైడు ఎలా చేస్తోందో చూద్దామని అప్పుడే వచ్చిన రేంజరు నకాయ్ కూడా వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పరీక్ష!" అంది ఎవులాలియా. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. "మీలో ఎవరైనా ఆపుతారో లేదోనని పరీక్ష పెట్టాను. వెర్నాగారు నెగ్గారు."

జనం చప్పట్లు కొట్టారు. వెర్నా ముఖం చేటంతయింది. నకాయ్ తల ఊపాడు.

"బాగుంది. ఇప్పుడు దాన్ని తీసిన చోటే పెట్టెయ్యండి."

"ఆ... అదే... ఎక్కడ తీశానో..."

"వెతుకుదాం," అన్నాడు నకాయ్. "చారలు కలిస్తే చోటు అదే. అందరూ చూడండి."

తర్వాత జరిగింది ఆ పార్కులో ఎన్నడూ జరిగి ఉండదు. పొద్దుట్నుంచి బుట్ట తప్ప ఇంకేదీ చూడనివాళ్ళు గుట్టల గోడలకి ముక్కులు ఆనించి నడిచారు. "ఇక్కడ ఎరుపు మీద పసుపుంది!" "ఉంది కానీ ఊదా ఏదీ?" "పైది ముందు ఏర్పడిందా, కిందిదా?" "కిందిదే, ఆవిడ చెప్పింది కదయ్యా, నువ్వప్పుడు మాంసం గురించి ఆలోచిస్తున్నావు." రాయి చేతులు మారింది. వెర్నా బైనాక్యులర్స్ తిరగేసి పట్టుకుని పొరల్ని పరిశీలించింది. ఊదా చార మాత్రం ఎక్కడా దొరకలేదు.

చివరికి నకాయ్ రాయిని తీసుకుని ఎండలో తిప్పి చూశాడు. "ఇది మా కొండది కాదు. ఎవరో బయటినుంచి తెచ్చారు. ఇక్కడ ఉండటానికి వీల్లేదు."

కొండది కాదంటే మామగారి మాట ఏమైనట్టు? ఆయన ఏ కొండెక్కినట్టు? ఎవులాలియాకి తల తిరిగింది. రాయి మళ్ళీ బుట్టలోకి చేరింది, బుట్ట మళ్ళీ ఆస్‌గుడ్ చేతికి చేరింది. ఆయన దాన్ని ఒకసారి ఎత్తి దించాడు, మళ్ళీ ఎత్తాడు.

"విచిత్రంగా ఉందే. పొద్దున ఎంత బరువుందో ఇప్పుడూ అంతే ఉంది," అన్నాడు. మర్యాదస్తుడు కాబట్టి అంతటితో ఆగాడు. కానీ ఆకలి ఆగలేదు. "మరి భోజనం, అమ్మా?"

పది జతల కళ్ళు ఆమె వైపు తిరిగాయి. శాండ్‌విచ్‌లు కార్లలో ఉడికిపోయి ఉంటాయి.

"మా ఇంట్లో," అంది ఎవులాలియా.

కార్లన్నీ వరసగా ఇంటికొచ్చేసరికి పెరట్లో క్లోతిల్దె కుర్చీ వేసుకుని, కాల్చిన పచ్చిమిరపకాయల గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వంటింటి తలుపు మూసి ఉంది. కిటికీలోంచి రెండు కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి.

"ఏం జరిగింది, అత్తయ్యా?"

"ఏం జరుగుతుంది? మిరపకాయలు కాల్చుకుందామని నేనొచ్చాను, రుచి చూద్దామని వాడొచ్చాడు, తలుపు ధడాలుమంది. పొసోలే పులుసు లోపల పొయ్యి మీద ఉంది. వాడు అక్కడున్నాడు." ఆవిడ కాళ్ళ వైపు చూపించింది. "రాయి ఏమైందో నాకు తెలియదు. నీకేమైనా తెలుసా?"

"లాలా!" కాళ్ళ అవతలనుంచి ఫిలిబెర్తో గొంతు వచ్చింది. "నీ వెనక ఎవరెవరో వచ్చినట్టున్నారు. ఎవరు వాళ్ళు?"

"భోజనానికొచ్చారు."

"ఎంతమంది?"

"ముందు నువ్వు లోపలికి పద."

ఆస్‌గుడ్ ఒక కాలు, నకాయ్ ఒక కాలు పట్టుకుని నెట్టారు. లోపల ఏదో గిన్నె దొర్లిన చప్పుడైంది. అదృష్టవశాత్తూ అది పొసోలే గిన్నె కాదు. ఫిలిబెర్తో తలుపు తీసి పక్కకి జరగగానే, తలుపు మళ్ళీ మూసుకోబోయింది. వెర్నా భుజం అడ్డుపెట్టింది.

"దేన్నైనా అడ్డం పెట్టండర్రా!"

"ఇదుంది కదా," అన్నాడు ఆస్‌గుడ్, బుట్టలోంచి రాయి తీసి కింద పెడుతూ.

రాయి ఒక్కసారి ఊగి, ఎన్నో ఏళ్ళుగా అరిగి గుంటపడ్డ గచ్చులోకి జారింది. అంచుకి అంచు కలిసింది. వెంట్రుక పట్టేంత సందు లేదు. తలుపు వచ్చి దానికి మెల్లగా ఆనుకుని, ఇంటికొచ్చిన మనిషిలా కుదుటపడింది.

వెర్నా వంగి చూసింది. ఆనందంతో చప్పట్లు కొట్టింది. "దొరికింది! చోటు దొరికింది!"

మిగతావాళ్ళెవరూ చప్పట్లు కొట్టలేదు.

భోజనానికి బల్ల చాలక సగం మంది మెట్ల మీద కూర్చున్నారు. క్లోతిల్దె పొసోలేలో నీళ్ళు పోసి, ఆ నీళ్ళ సంగతి తెలియకుండా మిరపకాయలు దట్టించింది. గిన్నెలు అందరికీ అందాక ఎవులాలియా బ్యాడ్జీ విప్పి రేంజరు గిన్నె పక్కన పెట్టింది. ఆ బ్యాడ్జీ ఆమె ఒంటి మీద ఒక్క పూట కూడా పూర్తిగా లేదు.

"పరీక్షా లేదు, ఏమీ లేదు. ఆ రాయి మా ఇంటిదే. మా మామగారు మీ కొండ మీంచి తెచ్చారట. మీరు చూసేలోపు అక్కడ పెట్టేద్దామనుకున్నాను."

నకాయ్ నోట్లోది నమిలి మింగాడు. "కానీ ఆ చార మా కొండలో లేదు."

అప్పుడు అందరూ క్లోతిల్దె వైపు చూశారు. ఆవిడ టోర్టిల్లా చింపుతోంది.

"ఎందుకుంటుంది?" అంది. "అరిజోనా దారిలో పెట్రోలు బంకు పక్క దుకాణంలో కొన్నాడు. అడుగున అంటించిన ధర చీటీ కూడా పీకలేదు, మహానుభావుడు."

"మరి కొండెక్కి తెచ్చారన్నారు కదా, అత్తయ్యా!"

"ఆయన అన్న మాట నేనన్నాను. నీకోసం ప్రాణాలకి తెగించి కొండెక్కానని ఆయన చెబుతుంటే, దుకాణం పేరు నేనెలా చెప్పను? చెబితే ఊరుకునే మనిషా? రోషానికి పోయి నిజంగానే ఎక్కి ఇంకోటి పీక్కొచ్చేవాడు. అందుకని మెచ్చుకుని ఊరుకున్నాను. చీటీ నేనే పీకేశాను." ఆవిడ రేంజరు వైపు తిరిగింది. "మీ కొండకి నేను చేసిన మేలు ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియదు."

ఫిలిబెర్తో నోరు తెరిచాడు. తండ్రి కొండెక్కిన కథ అతను స్కూల్లో వ్యాసంగా కూడా రాశాడు.

నకాయ్ నవ్వాడు. ఆ ఊళ్ళో ఆయన నవ్వగా ఎవరైనా చూడటం అదే మొదలు. బ్యాడ్జీని వేలితో ఎవులాలియా వైపు నెట్టాడు.

"కొండ రాయి ఇంటికి తెస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఇంటి రాయిని కొండకి తీసుకెళ్ళి మళ్ళీ ఇంటికే తెచ్చినవాళ్ళని ఏం చెయ్యాలో మా నిబంధనల్లో లేదు. ఇంకోసారి నాతో అబద్ధం మాత్రం చెప్పకండి." గిన్నె పక్కకి జరిపాడు. "ఇంకో మాట. ఇవాళ చూసినట్టు ఆ గోడల్ని జనం చూడగా నేను చూడలేదు. ఇకనుంచి ప్రతి ఆదివారం మీ నడక ఇలాగే సాగాలి. రాయి తీసుకురండి, అందరూ చోటు వెతుకుతారు, దొరకదు. చివర్లో నిజం చెప్పండి."

"నేను మళ్ళీ వస్తా," అంది వెర్నా. "బుట్ట నేను మోస్తా," అన్నాడు ఆస్‌గుడ్.

"బాగానే ఉంది," అంది క్లోతిల్దె. "రాయి మీరు పట్టుకుపోతే ఆదివారం పూట నా తలుపు సంగతేంటి?"

"కొక్కెం పెడదాం," అన్నాడు ఫిలిబెర్తో.

క్లోతిల్దె కొడుకుని కింద నుంచి పైదాకా చూసింది. అందరూ వినేలా చెప్పింది. "పెట్టు నాయనా. పెట్టేదాకా ప్రతి ఆదివారం ఆ రాయి చోట్లో కుర్చీ వేసుకుని నువ్వు కూర్చో."

కొక్కెం ఇంతవరకూ రాలేదు కానీ, కుర్చీకి మెత్త మాత్రం వచ్చింది.