శంఖం దించని కృష్ణుడు

ఆదివారం పొద్దున్నే గంగారత్నం ఉప్మా కలుపుతూనే సాయంత్రం నాటకానికి ఏర్పాట్లన్నీ మనసులో సర్దేసుకుంది. కిరండుల్ శారదా కళా సమితికి ఆమె తొలి మహిళా అధ్యక్షురాలు. ఆ ఊళ్లో ఇనుప గని తెరిచిన కొత్తలో ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు పెట్టుకున్న సమితి అది. ఇప్పుడు నాటకాలకు నటుల చుట్టాలు తప్ప ఎవరూ రావడం లేదు. ఈసారీ జనం రాకపోతే హాలును బ్యాడ్మింటన్ ఆటగాళ్లకు ఇచ్చేస్తామని కాలనీ కమిటీ తేల్చి చెప్పింది.

అంతలో మాజీ అధ్యక్షులు చక్రధరరావుగారు శంఖం పట్టుకుని వచ్చారు. సమితి పుట్టినప్పటి నుంచి కృష్ణ వేషం ఆయనదే.

"అమ్మాయ్, కొత్త పళ్లసెట్టుతో ఊదితే గాలి పక్కకి పోతోంది. మూడో కంటికి తెలియనివ్వకు."

"వేషం నాకిచ్చెయ్యండి బాబాయిగారూ. ఇన్నేళ్లూ తెరవెనక నుంచి పద్యాలు అందించింది నేనేగా!"

"ఆడకృష్ణుడా! నా బొందిలో ప్రాణం ఉండగా కుదరదు."

చివరికి సమితిలో తెర లాగే మెకానిక్ దేముడికి ఒక్కడికే సంగతి చెబితే, అతను ఉపాయం చెప్పాడు. "గనిలో పక్కనెట్టేసిన చేతి సైరన్ ఉందండి. నాను తెరెనకాల పిడి తిప్పుతాను. రావుగారు ఉత్తినే శంఖం నోటికాడ ఎట్టుకుంటే సాలు. దించగానే ఆపేత్తాను."

ముగ్గురికీ నచ్చింది. నాటకాల పిచ్చిలో అసలు సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ ఊళ్లో సైరన్ ఆగకుండా మోగితే ప్రమాదమని అర్థం. ఎక్కడి పని అక్కడ వదిలి, మైదానంలో వరుసలు కట్టి, మళ్లీ గని సైరన్ ఆగి ఆగి మోగేదాకా కదలకూడదు. ఆ మైదానం సమితి హాలు ముందే ఉంది.

సాయంత్రం యుద్ధ ఘట్టంలో కృష్ణుడు శంఖం పూరించాడు. కూత కొండలకు తగిలింది. తీరా దించబోతే పళ్లసెట్టు శంఖం మూతిలో ఇరుక్కుంది. లాగితే నలుగురి ముందూ పళ్లూడతాయి. పరువుకు ప్రాణమిచ్చే మనిషి కనుక శంఖంతో అలాగే నిలబడిపోయారు. దేముడు మాట మీద నిలబడే మనిషి కనుక తిప్పుతూనే ఉన్నాడు.

"ఏటండీ ఈ కృష్ణుడు, ఎంతకీ దించడూ!" అని అతను గొణిగేసరికి పిడి ఊడి చేతికొచ్చింది.

బయట మైదానం నిండిపోయింది. సగం గడ్డం గీసుకున్నవాళ్లు, గరిటెలు పట్టుకున్నవాళ్లు, సంత నుంచి తట్టలతో వచ్చిన గోండులు వరుసల్లో నిలబడ్డారు. భద్రతాధికారి రొప్పుతూ వచ్చాడు. "క్యా హువా? గనిలో అంతా ఠీక్ ఉందే!"

గంగారత్నం ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు. "కొండ మీదికి జీపు పంపి సైరన్ కొట్టించాలి. అప్పటిదాకా వీళ్లు కదలరు. నేను చెప్పినా వినరు. వినొద్దని ట్రైనింగ్ ఇచ్చింది నేనే!"

గంగారత్నం ఆ జనాన్ని చూసింది. అంతమందిని సమితి ఏనాడూ చూడలేదు. "దేముడూ, తెర వరండాలోకి లాగు. నాటకం ఇక్కడే!"

చక్రధరరావుగారు చాటుకు వెళ్లి శంఖం పీకారు. పళ్లూ దానితోనే వచ్చాయి. బోసినోటితో పద్యం ఎత్తుకున్నారు, మాట నిలవలేదు. ఓసారి జనం వైపు చూసి, కిరీటం తీసి గంగారత్నం తల మీద పెట్టారు.

"పాడమ్మా."

తెరవెనక గుసగుసలాడిన గొంతు మైదానం చివరిదాకా వెళ్లింది. సంతలో డోలు వాయించే మంగ్లూకు తెలుగు ముక్క రాదు. అయినా పద్యం చివర రాగానికి దరువు కలిపాడు. అదెంత బాగా అతికిందంటే, ఇన్నాళ్లూ ఆ డోలు లేకుండా నాటకాలు ఎలా ఆడామా అని సమితివాళ్లే ఆశ్చర్యపోయారు. ఇంతలో గని సైరన్ ఆగి ఆగి మోగింది. ఇక ఇళ్లకు పోవచ్చు. ఒక్కరూ కదలలేదు.

"వన్స్ మోర్!" అని అరిచింది భద్రతాధికారే.

చక్రధరరావుగారు అరచేత్తో నోరు కప్పుకుని, "మా అధ్యక్షురాలండీ, మా అమ్మాయి!" అని పక్కవాళ్లందరికీ చెప్పుకుంటూ కళ్లు తుడుచుకున్నారు. ఆయన ఎంత గొప్పగా కృష్ణ వేషం కట్టిన రోజునా అంత గర్వపడలేదు.

హాలు సమితిదేనని కమిటీ మర్నాడే ఒప్పుకుంది, చేతి సైరన్ తమకు అప్పగించాలన్న ఒక్క షరతు మీద.