నాడా విరిగిన కుట్టుమిషను మహిమ

ఇంట్లో వస్తువు చెడిపోయిందని బాధపడేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. బాగున్న వస్తువు ఒక్క పనే చేస్తుంది. అదే చెడిపోతే పది పనులకు పనికొస్తుంది! యుద్ధం పుణ్యమా అని రెండేళ్లుగా బెంగళూరు నుంచి స్పేరు పార్టులు రావడం లేదు. అందువల్లనే మన మదనపల్లె ఇంత బాగుపడింది.

నమ్మరా? కుప్పంలో నా మిత్రుడు గోవిందస్వామి గ్రామఫోనుకు స్ప్రింగు తెగింది. ఆయన దాని బూర ఊడబీకి జొన్నచేనులో కూర్చుని చిలకలను అదిలిస్తున్నాడు. చిలకలు పోవడం లేదు, నిజమే. గొంతు బాగుందని ఇంకో నాలుగు వస్తున్నాయి. కానీ కళకు ఇంత ఆదరణ ఇంకెక్కడ దొరుకుతుంది?

పుంగనూరు రెడ్డెప్ప సంగతి చూడండి. గోడగడియారం ఆగిపోతే దాని లోలకం తీసి పొట్టి ఆవు మెడకు కట్టాడు. ఇప్పుడు ఆవు ఇంటికొచ్చినప్పుడే ఆయనకు సాయంత్రం ఆరు గంటలు. ఒక్కోరోజు మధ్యాహ్నం రెండుకే ఆరవుతోంది. పని తొందరగా ముగిసిందని కూలివాళ్లు ఆవుకు దండం పెడుతున్నారు.

ఇక నా సొంత అనుభవం చెబుతాను. నేను మిషనరీ స్కూల్లో అయ్యవారిని. నా భార్య కృపావతి ఆస్పత్రి రోగులకు గౌన్లు కుడుతుంది. క్రిస్మస్ లోపల ఒక మూట బట్ట కుట్టి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. సరిగ్గా అప్పుడు కుట్టుమిషను నాడా విరిగింది. అంటే కింది దారాన్ని పట్టుకునే చిన్న ఇనుప ముక్క. అది ఎట్లా విరిగిందన్నది ఇక్కడ అప్రస్తుతం.

నాడా లేని మిషను ఒక గని కాదా? కింది చక్రం బావి కప్పీ అయింది. తోలు బెల్టు నా ట్రంకుపెట్టెకు నడికట్టయింది. సొరుగులో కోడి పొదిగింది. తొక్కుడు పలక మీద గెనుసుగడ్డలు కాల్చుకున్నాం. ఒక మరమేకు నా కళ్లజోడు కాలికి అచ్చంగా సరిపోయింది.

"నాడా ఒగటి తెప్పించండి, సాలు. మిషన్ని యాల పీకతాండారు?" అంది కృపావతి. ఆడవాళ్లకు దూరదృష్టి తక్కువ. మూట వైపు చూస్తూ రెండు పూటలు అన్నం కూడా సరిగా తినలేదు. నేను తిన్నాను. గెనుసుగడ్డలు బాగా కాలాయి.

ఇంతలో కోత పండుగ వచ్చింది. మా చర్చి సంఘంలో ఆ రోజు ఎవరి కష్టార్జితంలోంచి వాళ్లు ఒక కానుక తెస్తారు, గుడి ముందు వేలం వేస్తారు. రైతులు గుమ్మడికాయలు తెచ్చారు. పుంగనూరు దర్జీ జయరత్నం చేతిరుమాలులో చుట్టి ఒక నాడా తెచ్చాడు.

"మిషను కాలిరిగి మూలన పడుండాదమ్మా. ఇదొగటి మాత్రం నిక్షేపంగా ఉండాది" అన్నాడు.

కృపావతి ఇంటికెళ్లి, పొదిగి లేచిన కోడిని తెచ్చి నాడాకు పాటగా పెట్టింది. ఆ కోడంటే తనకు ప్రాణం. గుమ్మడికాయల వాళ్లు ఎవరూ పాట పెంచలేదు. నాడా ఆమె చేతికొచ్చింది.

ఇంటికి రాగానే జప్తు మొదలైంది. చక్రం బావి నుంచి దిగింది. ట్రంకుపెట్టె నోరు తెరుచుకుంది. కృపావతి సొరుగు కడిగి ఎండబెట్టింది. పలక బూడిద దులిపింది. చివరికి నా ముందుకొచ్చి చెయ్యి చాపింది. కళ్లజోడు తీసిచ్చాను. ఆ మరతో మిషను బిగిసింది. నేను ఏ వస్తువు విప్పి బిగించినా నాలుగు మరలు మిగులుతాయి. ఆమెకు ఒక్కటీ మిగల్లేదు. నాకు సిగ్గేసింది, దాచడమెందుకు?

మిషను టకటకమంటూ నడిచింది. కృపావతి కుట్టడం ఆపి కొత్త నాడాను వేళ్లతో తడిమింది. దాని పక్కన దారాన్ని అదిమిపట్టే సన్నటి రేకు ఒకటుంటుంది. ఆ రేకును చూసింది. తర్వాత నా చొక్కా జేబు వైపు చూసింది.

"మీ పెన్ను జారిపోకుండా పట్టుకోనుండే ఆ రేకు యాడిది?"

పాఠకులారా, అప్రస్తుతమని మీకు ముందే మనవి చేశాను. గౌన్లన్నీ క్రిస్మస్ లోపే ఆస్పత్రికి చేరాయి. మా ఇంట్లో ఇప్పుడు నీళ్లు చేత్తో తోడుతున్నాను. కళ్లజోడును దారంతో చెవికి కట్టుకుని ఇది రాస్తున్నాను. పెన్ను మాత్రం జేబులో చాలా బిగువుగా నిలుస్తోంది.