సంభాషణ సహాయకుల సహాయ సంఘం, ప్రథమ సమావేశం

సంభాషణ సహాయకుల సహాయ సంఘం ప్రథమ సమావేశమునకు విచ్చేసినవారు, ఆసీనులైన క్రమంలో: మొదటి కుర్చీలో అధ్యక్షులు, అనగా పదవీ విరమణ చేసిన రిజిస్ట్రారుగారు, రెండవ కుర్చీలో కార్యదర్శి, మూడవదానిలో కోశాధికారి. నాల్గవది ఉపాధ్యక్షురాలిది గాని, ఆమె అధ్యక్షులవారి భార్య కూడా అయినందున వంటింట్లో టీ కాస్తున్నారు. ఎదుట సభ్యులు. చిట్టచివర, తలుపు పక్కన ముక్కాలిపీట మీద, లబ్ధిదారు.

లబ్ధిదారు అధ్యక్షులవారి సొంత చెల్లెలు. గొంతుకు ఆపరేషన్ జరిగి మాట పోయింది. ఒళ్ళో ట్యాబ్ పెట్టుకుని, అక్షరం అక్షరం కొట్టి, చివర మీట నొక్కితే అది ఆమె తరఫున పైకి పలుకుతుంది. వృత్తిరీత్యా దర్జీ. కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టే మనిషి కనుక, అక్షరం తప్పినా చెరిపి మళ్ళీ కొడుతుంది. ఆలస్యమంతా అక్కడే.

ట్యాబ్ వాడకం నేర్పిన చికిత్సకురాలు ఇంటివారికి ఇచ్చిన సలహా చిన్నది: "ఆవిడ చెప్పేదాకా ఆగండి. మధ్యలో అందుకోకండి."

అంత చిన్న సలహాను ఉన్నదున్నట్టు పాటించడం, జీవితమంతా ఫైళ్ళు నడిపిన రిజిస్ట్రారుగారికి నామోషీ అనిపించింది. ఆగేవారి కష్టం ఎవరు చూస్తున్నారు? వారికొక సంఘం ఉండవద్దా? ఉండవలసిందేనని నిశ్చయించి, నియమావళి రాసి, "ఆగండి, చూడండి, వినండి" అని పెద్ద బట్ట మీద రాయించి వేదిక వెనుక గోడకు కట్టించారు. వేదిక మీది పెద్దల వీపులకు అది చక్కగా కనిపిస్తున్నది.

సమావేశం జరుగుతున్నది చెల్లెలి కుట్టు గదిలోనే. ఇంటికి వీధివైపున్న గది, అదే ఆమె షాపు. ఆమె పేరున ఉన్నది. ఆపరేషన్ నాటి నుంచి మూసి ఉంది. కుట్టు మిషను మీద దుప్పటి కప్పి, దానిపై టీ కప్పులు అమర్చారు.

"నేటి ప్రధాన తీర్మానం," అన్నారు అధ్యక్షులు లేచి. "ఈ గదిని సంఘ కార్యాలయం నిమిత్తం శాశ్వతంగా స్వీకరించడం. మిషను అటక మీదికి చేర్చబడును. లాంఛనంగా నా సోదరి సమ్మతి కూడా తీసుకుందాం. ఏమ్మా?"

ఆమె వేళ్ళు ట్యాబ్ మీదికి వెళ్ళాయి. అధ్యక్షులు పీట వెనక్కి వచ్చి భుజం మీదుగా తొంగిచూశారు.

"'నా గది' అంటోంది. నా గది సంఘానిదే అంటోంది. చిన్నప్పట్నుంచీ అంతే, నేనొక మాటంటే రెండో మాట లేదు."

చప్పట్లు మోగాయి. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మొహమాటం," అన్నాడు కోశాధికారి.

ఆమె ఆగలేదు. తెర మీద "ఇవ్వ" అని పడింది.

"ఇవ్వడం నా అదృష్టం అంటోంది. రాసుకోవయ్యా."

కార్యదర్శి రాసుకున్నాడు. కేకవేసి కాదనడానికి గొంతు లేని మనిషి వంటింటి వైపు చూసింది. గుమ్మంలో టీ పళ్ళెంతో వదిన నిలబడి ఉంది.

"ఏవండీ," అంది వదిన. "తీర్మానం సరే. ముందు మౌనం పాటించారా, పోయినవాళ్ళకి?"

అధ్యక్షులవారి ముఖం పాలిపోయింది. సర్వీసులో ఏనాడూ పద్ధతి తప్పని మనిషి.

"మూడో నిబంధన! ఎలా మర్చిపోయావయ్యా?" అని కార్యదర్శిని కసిరి, "అందరూ లేవండి. రెండు నిమిషాలు. మధ్యలో నోరు విప్పితే మృతులకు అవమానం" అన్నారు.

లేచి తలలు వంచారు. ఎవరు పోయారని అడగడం మర్యాద కాదు గనుక ఎవరూ అడగలేదు.

ఆ నిశ్శబ్దంలో టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. చెల్లెలి వెనకే నిలుచున్న అధ్యక్షులవారి వంచిన తల సరిగ్గా తెర మీదికే వంగింది. "ఇవ్వ" పక్కన "ను" వచ్చి చేరింది. వారి పెదవులు కదిలాయి. గడియారం చూసుకుని మింగేశారు. నాలుక చివరి మాటను పట్టుకుని ఆగడం ఇంత బరువని వారికి ఇన్నేళ్ళలో తెలియదు. ఆమె ఒక అక్షరం తప్పు కొట్టింది, తీరిగ్గా చెరిపింది, మళ్ళీ కొట్టింది. మీట నొక్కింది.

"నా గది ఇవ్వను. సోమవారం షాపు తెరుస్తున్నాను. మిషను మీద కప్పులు తియ్యండి. అన్నయ్యా, సంఘాన్ని నీ హాల్లో పెట్టుకో."

యంత్రం మాట్లాడరాదని నియమావళిలో లేదు. మనుషులకు మాత్రం మౌనం గడువు ఇంకా మిగిలి ఉంది. ముందు వరుసలో ఒకావిడ వంచిన తల ఎత్తకుండానే వెళ్ళి కప్పులు తీసేసింది.

సమయం ముగిసింది.

"ఇంతకీ పోయిందెవరమ్మా?" అన్నాడు కోశాధికారి గొంతు తగ్గించి.

"ఎవరూ పోలేదన్నయ్యగారూ," అంది వదిన అతనికి టీ అందిస్తూ. "పోయినవాళ్ళ కోసమైతే ఆగుతారు కదా అని."

అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు. "అంటే, మా సోదరి ఉద్దేశమేమిటంటే..."

టిక్కుమంది. చెల్లెలు మళ్ళీ కొడుతోంది.

"మళ్ళీ లేవమంటారా?" అంది వదిన భర్తను చూసి.

అధ్యక్షులు ఆగారు. చివరి అక్షరం దాకా ఆగారు. ట్యాబ్ చెప్పినదాన్ని కార్యదర్శి పొల్లు పోకుండా రాసుకున్నాడు:

"ఎవరూ మరణించకపోయినను సకాలమున మౌనము పాటింపజేసి, ఈ సంఘ నియమావళిని సంఘ సభ్యులచేతనే మొట్టమొదటిసారిగా అమలు జరిపించిన ఉపాధ్యక్షురాలు, మా వదినగారికి ఈ సమావేశము తన కృతజ్ఞతలను నమోదు చేయుచున్నది."