కొండలరావుగారి పిట్టల ఇన్‌స్పెక్షన్

ఆ పొద్దున్న కల్యాణి వేసుకున్న పథకం చిన్నదే. నయా రాయపూర్ శివార్లలోని చెరువులో, తామరాకుల మీద నడిచే అరుదైన పొడుగుతోక పిట్టలు ఎన్నున్నాయో లెక్కపెట్టాలి. మర్నాటికల్లా ఆ లెక్క అటవీశాఖకు చేరకపోతే చెరువు పూడ్చి పార్కింగు కట్టేస్తారు. తీరా లేచేసరికి ఆమెకు ఒళ్లు కాలిపోతోంది. గత్యంతరం లేక మేనమామ కొండలరావుగారిని పంపింది. ఆయన ముప్పై ఆరేళ్లు స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. తన పెళ్లిలో తాళి కట్టిన సమయం కూడా నిమిషంతో సహా రాసి పెట్టుకున్న మనిషి.

పదింటికి ఆయన ఫోన్ చేశారు.

"పనైపోనాదమ్మా! ముప్పై నాలుగొచ్చినాయి, ముప్పై నాలుగెలిపోనాయి. మిగిలింది నిల్. ఆఫీసుకి మెసేజీ పంపీసినాను."

"నిల్ ఏంటి మావయ్యా! వచ్చినవి రాస్తే చాలు కదా!"

"ఎలిపోయిన బండి స్టేషన్లో ఉన్నాదని ఎలాగ రాస్తానే?"

పిట్టల్లేవు కాబట్టి పూడ్చుకోవచ్చని మధ్యాహ్నానికే ఫైలు కదిలింది. ఆ పిట్టల కోసం మూడేళ్లు ఎండలో తిరిగిన కల్యాణి, అటవీశాఖ అధికారిణి ఊర్మిళను ఫోన్లో బతిమాలి, స్వయంగా వచ్చి చూడటానికి ఒప్పించింది. ఆ సంతోషంలో మావయ్యకు చెప్పేసింది. "రేపు ఎనిమిదింటికి ఆఫీసరుగారు చూడ్డానికొస్తున్నారు."

రైల్వే మనిషితో అనకూడని మాట అదొక్కటే.

తెల్లారేసరికి కొండలరావుగారు ఊళ్లోని టాటీబంధ్ పేట నుంచి పాత రైల్వే స్నేహితుల్ని పన్నెండుమందిని దింపారు. గట్టు రాళ్లకు సున్నం కొట్టించారు. దారికి రెండు పక్కలా తెల్లగీతలు గీయించారు. ఇవతలి ఒడ్డు తామరాకులన్నీ చెత్త కింద లెక్కగట్టి పీకించేశారు. ఎనిమిదింటికి పూలదండతో నిలబడ్డారు.

ఊర్మిళ దండ వేయించుకుని, అద్దంలాంటి నీళ్లకేసి చూసింది. "చిడియా కహాఁ హై?" అంటూ పిట్టల కోసం వెతికింది.

పిట్ట ఒక్కటీ లేదు. జ్వరంతోనే వచ్చిన కల్యాణి గట్టుమీదే కూలబడి ఏడ్చేసింది.

"నిల్ అన్నానా లేదా?" అంటూ కొండలరావుగారు రిజిస్టరు తెరిచి చదివారు. "ఆరు నలభైకి ఆకులు పీకుడు మొదలు. ఆరు నలభై మూడుకి తొమ్మిది పిట్టలు తూర్పుకి. ఆరు యాభై ఒకటికి ఆఖరి ఆకు, ఆఖరి అయిదు పిట్టలు. కారణం, క్లీనింగు."

కల్యాణి కళ్లు తుడుచుకుంటూ అది హిందీలో చెప్పింది. ఊర్మిళ రెండుసార్లు చెప్పించుకుంది. ఆకులుంటేనే పిట్టలుంటాయని ఎన్నేళ్లు రాసినా పైవాళ్లు రుజువు అడుగుతున్నారట. ఇంత వివరంగా ఎవరూ ఇవ్వలేదంటూ ప్రతి పేజీకీ ఫోటో తీసుకుంది.

పూడ్చే పని ఆగిపోయింది. నెల తిరిగేసరికి అవతలి ఒడ్డు ఆకుల మీదికి పిట్టలొచ్చాయి. ఆకులు పీకినందుకు మొట్టమొదటి నోటీసు మాత్రం కొండలరావుగారికే అందింది. అందులో నేరం జరిగిన సమయం మూడు నిమిషాలు తప్పు పడిందని, ఆయన సంతకం పెట్టకుండా తిప్పి పంపారు.