బేస్తవారం అనే రోగలక్షణం

మనిషికి మతి ఉన్నదా లేదా అన్నది అతని అంతరంగానికి సంబంధించిన విషయమని చాలాకాలం ఒక అపోహ ఉండేది. అది జిల్లా మతిస్థిమిత చూర్ణ మంజూరు సమితికి సంబంధించిన విషయం. సమితి మదురైలో ఒక ఆసుపత్రి మేడమీద గురువారాల్లో మాత్రమే కూర్చుంటుంది. (మిగతా రోజుల్లో మతి తప్పినవారు గురువారం దాకా దాన్ని తప్పినట్టే ఉంచుకోవాలి.)

కాలేయం చెడితే ఒంట్లో పుట్టిన విషం వడకట్టుకోక తలకెక్కుతుంది. మనిషి వేళ మరిచిపోతాడు, మనుషుల్ని మరిచిపోతాడు. దీనికి మందులతో పాటు అమైనో ఆమ్లాల పొడి ఒకటి ఇస్తారు. అది తాగితే కొందరికి మతి తేటపడుతుందని పరీక్షల్లో తేలింది. ఆయుష్షు పెరుగుతుందని మాత్రం తేలలేదు. ఈ రెండు ముక్కలనూ సమితి సాక్ష్యాధికారి కుళందైసామి ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనక తగిలించాడు. వాటినుంచి ఆయన తీసిన నియమం ఇది: పొడి మతి తప్పినవారికే, తేటగా ఉన్నవారికి అది వృథా. (పొడివల్లనే తేటపడ్డారేమో అన్న సందేహానికి ఫ్రేములో చోటు చాలలేదు.)

తిరుమంగలం అవతల నల్లరేగడిలో పత్తి వేసే తెలుగింటి అయ్యసామికి కాలేయం చెడింది గానీ, అతను జన్మలో కల్లు ముట్టలేదు. ఆ మాట నమ్మిన డాక్టరు మాత్రం ఇంకా దొరకలేదు. ఒకనాడు అతను మోటారు వేసి, చేనికి బదులు ఇంటి వాకిలికి నీళ్లు కట్టాడు. భార్య రామక్కాళ్‌ను చూసి, "మీరెవురమ్మా?" అని మర్యాదగా అడిగాడు. ఇన్నేళ్ల కాపురంలో అతను ఆమెను 'మీరు' అనడం అదే మొదలు. ఆమె భయపడింది అందుకే.

ఆ వారం సమితి అడిగిన ప్రశ్నలన్నీ తప్పి, అయ్యసామి నెగ్గాడు. పొడి వచ్చింది. నెల తిరిగేసరికి మళ్లీ "ఏమే" అని పిలిచాడు. రామక్కాళ్ పళనికి పోయి మొక్కు చెల్లించింది.

తరవాతి విచారణలో కుళందైసామి తమిళంలో అడిగినవాటికన్నిటికీ అయ్యసామి సరిగ్గా చెప్పి ఓడిపోయాడు.

"బాగుండాడు గదమ్మా. ఇంకేంటికి పొడి?"

"పొడి తాగబట్టి గదా సార్ బాగుండాడు."

"బాగుండేవాళ్లకి ఇచ్చేదానికి రూల్ లేదు. చెడిపోయినాక పిలుచుకోని రా."

ఆమె కదలలేదు. మాతృభాషలో మళ్లీ పరీక్ష కోరవచ్చునన్న నియమం ఒకటుంది గనుక ఆయన సమితివారి కొత్త యాప్ తెరిచి తెలుగు నొక్కాడు. దూరపు రాజధానిలో ఎక్కడో వార్తలు చదివే గొంతు పలికింది.

"గౌరవనీయ రోగి గారూ, నేడు ఏ వారము?"

"ఏమడుగుతాది ఆ బిడ్డ?" అన్నాడు అయ్యసామి.

"ఈ పొద్దు ఏం వారమని," అంది రామక్కాళ్.

"బేస్తవారం."

"క్షమించండి. అటువంటి వారము లేదు. సరైన సమాధానం గురువారము."

"లేదా? నిన్న బుదవారం, రేపు సుక్రవారం. నడమ ఏముంటాది మరి?"

బృహస్పతివారం తరతరాల నోళ్లలో నలిగి బేస్తవారమైందని యాప్‌కు ఎవరూ చెప్పలేదు. మతిభ్రంశం, రెండో స్థాయి అని ఎర్రగా చూపింది.

"మా అవ్వ అట్లే అనె. వాళ్లవ్వా అట్లే అనె. నాకా మతి లేంది?"

రామక్కాళ్ అతని తొడ గిల్లింది. "ఊరికే వుండయ్యా. నీకి మతి లేదు. సరేనా?"

కుళందైసామి గొంతు తగ్గించాడు. "మా ఇంట్లోనూ బేస్తవారమే. ఆపీసులో అనము." అని పొడి మంజూరు చేశాడు.

కబురు పాకింది. తెలుగు ఇళ్ల రోగులందరూ మాతృభాషాభిమానులయ్యారు. దిండిగల్ నుంచి ఒక తమిళాయన బస్సులో దారిపొడుగునా బేస్తవారం వల్లెవేసుకుంటూ వచ్చాడట. అయ్యసామి ప్రతినెలా పరువు పోగొట్టుకుని పొడి తెచ్చుకున్నాడు. మతి నిలుపుకోవడానికి మతిలేనివాడనిపించుకోవడం, చాలా మతి ఉంటే తప్ప సాధ్యం కాదు. దాన్ని కొలిచే ప్రశ్న యాప్‌లో లేదు.

ఏడాది చివర సమితి నివేదిక వెలువడింది. పొడి ఎన్ని నెలలు తాగినా రోగులెవరూ బేస్తవారం మానలేదు గనుక పొడి పనిచేయదని రుజువైంది. సరఫరా ఆగింది.

కొన్ని వారాల తరవాత, దస్త్రాలు మూయడానికి అందరికీ ఆఖరి పరీక్ష పెట్టారు. రామక్కాళ్ అయ్యసామిని చెయ్యి పట్టుకుని మేడ ఎక్కించింది.

"నేడు ఏ వారము?"

అతను ప్రతినెలా విన్న యాప్ గొంతుతోనే, యాప్ యాసతోనే అన్నాడు: "గురువారము."

తెర పచ్చగా వెలిగింది. అభినందనలు, సంపూర్ణ స్వస్థత. ధ్రువపత్రం తీసుకోవలసింది దగ్గరి బంధువు. కుళందైసామి కలం తీసి, "ఈమె నీకేమవుతాది?" అని అడిగాడు.

అయ్యసామి ఆమెవైపు తిరిగి చేతులు జోడించాడు.

"మీరెవురమ్మా?"

మతి తేటగా ఉన్నట్టు రుజువైన మనిషి మాట. కాదనడానికి లేదు.

"పరాయివాళ్లకి ఇచ్చేదానికి రూల్ లేదమ్మా," అన్నాడు కుళందైసామి. "ఈయన సొంతవాళ్లెవురన్నా వుంటే, వచ్చే గురువారం పంపించు."